షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్: మూడేళ్లు, పది కేసులు, హోమ్స్‌ని ఒక్కసారీ కొట్టలేదు

ఇది నేరాలు ఛేదించే బోర్డ్ గేమ్, మా దగ్గరున్నది అందులో పది కేసులుండే థేమ్స్ మర్డర్స్ బాక్స్. నలుగురం, మూడు నాలుగు నెలలకోసారి కుదిరితే ఒక కేసు. పదోది మొన్న అయిపోయింది, ఇక రాయొచ్చు అనిపించింది.

పాచికల్లేవు, పావుల్లేవు. లండన్ మ్యాపు, అడ్రసుల డైరెక్టరీ, కేసుకో పుస్తకం, కేసుకో న్యూస్‌పేపరు. మొదట్లో ఓ కథ చదువుతారు, ఆ తర్వాత ఎటెళ్లాలో ఎవడూ చెప్పడు. అనుమానం ఉన్నోడి పేరు డైరెక్టరీలో వెతికి, ఎన్‌డబ్ల్యూలో (లండన్ వాయవ్య భాగం) ఇన్నో నంబరు అని పట్టుకుని, పుస్తకంలో ఆ నంబరు దగ్గరున్నది పైకి చదవడమే ఆట. 1981లో వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు, 1985లో జర్మనీలో స్పీల్ డెస్ యారెస్ (ఆ ఏటి మేటి ఆట) అవార్డు కూడా కొట్టింది.

అసలు మజా పేపర్లో ఉంది. మావాడొకడు పొద్దున్నే ఇంట్లో పేపరు చదివినట్టు చిన్న ప్రకటనల దగ్గర్నుంచి మొదలెడతాడు, మేం తిడతాం, గంట తర్వాత వాడు చదివిన నాలుగు లైన్లే కేసుని తిప్పేస్తాయి. పాత కేసుల పేపర్లు కూడా పారేయకండి, తర్వాత పనికొస్తాయి, అందుకే వరసలోనే ఆడాలి. ఎటూ తోచనప్పుడు మాకు దిక్కు గుర్రబ్బళ్ల షెడ్డు, ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో అక్కడ తెలుస్తుంది (ఒక్కోసారి ఏమీ తెలీదు, అక్కడికెళ్లడం దండగ).

చిరాకంతా స్కోరుతోనే. హోమ్స్‌కి 100, మనం వాడికంటే ఎక్కువ తిరిగిన ప్రతి చోటుకీ 5 కోత. మేం పంతొమ్మిది చోట్ల కాళ్లరిగేలా తిరిగితే ఆ మహానుభావుడు ఐదింట్లో తేల్చేసి, మధ్యలో మనకి అందని ఊహొకటి చేసి, ఇంత తేలికా అన్నట్టు మాట్లాడతాడు. రెండో కేసు తర్వాత లెక్కేయడం మానేశాం, హాయిగా ఉంది.

ఇంగ్లిష్ బరువే, పాతకాలంది, పేజీలకి పేజీలు. మాలో ఒకడికి విసుగొచ్చి చదివింది తెలుగులో చెప్పడం మొదలెట్టాడు, వాడిది అమలాపురం, లండన్ దొర నోట్లోంచి "ఆయ్, నాకేం తెల్దండి" అని వస్తుంటే ఆ సాక్షిని అనుమానించడం ఎవరివల్లా కాలేదు, ఆ సాక్షేమో అబద్ధాలకోరు.

బాక్స్ మీద ఎనిమిది మంది దాకా అని ఉంటుంది, నమ్మకండి. నలుగురు దాటితే ఒకడు ఫోన్లో పడతాడు. ఒక్కడే అన్నీ తేల్చేసే రకం మీ గ్యాంగ్‌లో ఉంటే వాడి చేతికే పుస్తకం ఇచ్చేయండి, చదివేవాడికి ఓటు లేదని మేం పెట్టుకున్న రూలు బాగా పనిచేసింది.

ఒకసారి తేలిన కేసు మళ్లీ ఆడలేం, అందుకే బాక్స్ వైజాగ్‌లో మా బావమరిదికి పంపేస్తున్నా. మ్యాపులో థేమ్స్ పక్కన మిరపకాయ బజ్జీ నూనె మరక ఒకటుంది, అది క్లూ కాదని ముందే ఫోన్ చేసి చెప్పా.