టైట్ ఆయిల్ జియాలజీ వీడియో కోర్సు: బాకెన్ మాడ్యూల్ సూపర్, ప్రెషర్ దగ్గరే నిరాశ

పెట్రోలియం జియాలజీ బేసిక్స్ వచ్చి, టైట్ ఆయిల్, అంటే ద్రవాలు సులువుగా పారలేనంత గట్టి రాయిలో ఉండే ఆయిల్, అక్కడికి ఎలా వచ్చిందో సరిగ్గా తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఈ కోర్సు ధైర్యంగా తీసుకోవచ్చు. పూర్తిగా కొత్తవాళ్ళైతే ముందు కాస్త చదువుకుని వెళ్ళండి.

నాకు నచ్చిందేంటంటే ఫ్రాకింగ్ (ఒత్తిడితో నీళ్ళు పంపి రాయిని పగలగొట్టడం) హడావుడి పెట్టకుండా నేరుగా నీళ్ళ అడుగున బురద దగ్గరే మొదలుపెట్టారు. అడుగున ఆక్సిజన్ లేకపోతే చచ్చిపడిన నాచు, ప్లాంక్టన్ పూర్తిగా కుళ్ళిపోకుండా బురదలోనే ఉండిపోతాయి, అదే పోను పోను కెరోజెన్ అవుతుంది, రాయిలో ఆర్గానిక్ కార్బన్ 2 శాతం దాటితే మంచి సోర్స్ రాక్ (ఆయిల్ పుట్టే రాయి) కింద లెక్క. చెట్ల ముక్కల నుంచి వచ్చే టైప్ 3 కెరోజెన్ ఎక్కువగా గ్యాసే ఇస్తుంది, ఆయిల్ కావాలంటే టైప్ 1 గానీ టైప్ 2 గానీ ఉండాలి.

తర్వాత కెరోజెన్‌ని ఆయిల్‌గా మార్చే వేడి, సుమారుగా 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. ఇక్కడ తీసుకున్న ఉదాహరణలు చాలా బాగున్నాయి. అమెరికాలో గ్రీన్ రివర్ అనే రాతిపొరల ఫార్మేషన్‌లో ఆర్గానిక్ మేటర్ బోలెడుంది కానీ చాలాచోట్ల సరిపడా వేడి తగల్లేదు, అందుకే ఆయిల్ షేల్‌గానే మిగిలిపోయింది, అంటే ఇంకా ఆయిల్‌గా మారని కెరోజెన్ ఉన్న రాయి, చాలామంది దీన్నీ టైట్ ఆయిల్‌నీ ఒకటే అనుకుంటారు. టెక్సాస్ ఈగిల్ ఫోర్డ్ అయితే పొర ఒకటే, ఆగ్నేయం వైపు లోతుకి దిగేకొద్దీ ముందు ఆయిల్, తర్వాత కండెన్సేట్ (చాలా పలచటి ఆయిల్), ఆ తర్వాత డ్రై గ్యాస్.

ఇక బాకెన్ మాడ్యూల్. బాకెన్ ఉత్తర అమెరికాలోని ఒక టైట్ ఆయిల్ ఫార్మేషన్. పైనా కిందా నల్ల షేల్ (బురద గట్టిపడ్డ రాయి), మధ్యలో డోలమైట్ అనే ఖనిజం కలిసిన సిల్ట్‌స్టోన్ (సన్నటి ఒండ్రు గట్టిపడ్డ రాయి), బావులు ఎక్కువగా తవ్వేది ఆ మధ్య పొరలోనే. బావిలోంచి తీసి నిలువునా కోసిన రాతి కడ్డీని, అంటే కోర్‌ని, మామూలు లైట్‌లో చూపిస్తే ఉత్త బూడిదరంగు రాయి, అందులో ఏదైనా ఉందంటే నమ్మబుద్ధి కాదు, లైట్లార్పి యూవీ వేయగానే ఆయిల్ ఉన్న సన్నటి చారలు పసుప్పచ్చగా వెలుగుతాయి, పక్కన షేల్ మాత్రం నల్లగానే ఉంటుంది. పర్మియబిలిటీ (రాయిలోంచి ద్రవాలు ఎంత సులువుగా పారతాయో చెప్పే కొలత) 0.1 మిల్లీడార్సీ కంటే తక్కువున్న రాయిలో ఆయిల్ దూరం పోవడం కుదరదు, అందుకే వంటగది పక్కనే వడ్డించినట్టు సోర్స్ రాక్ ఆనుకునే ఉండాలి, పైగా ఆ షేల్సే మూతలాగా కూడా పనిచేస్తాయి. ఇది ఇంత స్పష్టంగా చూపించినవాళ్ళు నాకు వేరే కనపళ్ళేదు.

నిరాశపడింది ప్రెషర్ దగ్గర. కెరోజెన్ ఆయిల్‌గా మారేటప్పుడు వాల్యూమ్ పెరుగుతుంది, గట్టి రాయి కాబట్టి బయటికి దారుండదు, ప్రెషర్ పెరిగి సన్నటి పగుళ్ళొచ్చి ఆయిల్ పక్క పొరలోకి తోసుకుపోతుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఒక్క స్లైడ్‌తో దాటేశారండీ! బంకమట్టి ఎక్కువుంటే రాయి సాగుతుంది, క్వార్ట్జ్, కార్బొనేట్ ఎక్కువుంటే విరుగుతుంది అన్నదైనా కాస్త వివరంగానే చెప్పారు, అది నయం.

ఇంకోటి, ఉదాహరణలన్నీ అమెరికావే. చైనాలో ఆర్డోస్ బేసిన్ యాన్‌చాంగ్ ఫార్మేషన్ ట్రయాసిక్ కాలం నాటి సరస్సులో ఏర్పడింది, అది ఒక్కటి కలిపినా సముద్రం ఉంటేనే టైట్ ఆయిల్ అన్న అపోహ పోయేది. క్విజ్‌లు ఉత్త బట్టీ. సబ్‌టైటిల్స్ నమ్ముకోకండి, టెక్నికల్ పదాలన్నీ తప్పులే.

నాలుగు స్టార్లు ఇస్తున్నా. కోర్ ఫొటోలు డౌన్‌లోడ్‌కి పెట్టారు, మామూలు లైట్‌దీ యూవీదీ పక్కపక్కన పెట్టుకుని ఆ మాడ్యూల్ చూడండి, స్పీడ్ మాత్రం పెంచొద్దు.