పద్నాలుగు షాపులు, ఒక టు-డూ యాప్

కాకినాడలో చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా నా పనులన్నీ గోడ క్యాలెండర్ మీదే ఉండేవి, పాల ప్యాకెట్ల గీతల పక్కన. తర్వాత ప్రతి నెలా రెండు తేదీలు మెడ మీద కూర్చున్నాయి. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 20న 3బి (పన్ను కట్టే రిటర్న్). షాపులేమో 14. క్యాలెండర్ గడిలో అన్ని పేర్లు పట్టక ఫోన్‌లో వండర్‌లిస్ట్ అనే టు-డూ యాప్ వేసుకున్నాను.

బాగుండేది అది. టిక్ పెడితే టింగ్‌మనేది, ఆ చప్పుడు కోసమే కొన్ని పనులు ముందు చేసేవాణ్ని. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015లో కొని, 2020 మే 6న మూసేసింది. లాక్‌డౌన్ రోజులు, జీఎస్టీ గడువులే వెనక్కి జరుగుతున్న సమయం కాబట్టి ఇంకో యాప్‌కి మారడానికి తీరిక దొరికింది. లిస్టులన్నీ వాళ్ల సొంత యాప్ మైక్రోసాఫ్ట్ టు డూలోకి తెచ్చుకునే దారి ఇచ్చారు కానీ నేను అలిగి టోడోయిస్ట్ అనే వేరే యాప్‌కి వెళ్లాను.

దానితో ఒక ఏడాది. మళ్లీ మళ్లీ వచ్చే పనుల విషయంలో దాన్ని మించింది నాకు ఇప్పటికీ కనపడలేదు. మన పనులు రెండు రకాలు. 3బి ఎప్పుడు వేసినా వచ్చే నెల గడువు 20నే. ఇంట్లో వాటర్ ఫిల్టర్ అలా కాదు, ఈసారి పది రోజులు ఆలస్యంగా మారిస్తే తర్వాతి మూడు నెలలు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. టోడోయిస్ట్‌లో ‘ఎవ్రీ’ అని ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి రకం, దాని పక్కన ఆశ్చర్యార్థకం పెడితే రెండో రకం. ఇంత చిన్న గుర్తుతో అంత పని! అయితే పని పేరు తెలుగులో రాసుకోవచ్చు గానీ ‘రేపు పదింటికి’ అంటే దానికి అర్థం కాదు, తేదీ మటుకు ఇంగ్లిష్‌లో చెప్పాల్సిందే. ఉచిత ప్లాన్‌లో ఇప్పుడు 5 ప్రాజెక్టులే ఇస్తున్నారు. ఒక్కడికైతే చాలు.

మరి ఎందుకు వదిలేశాను? తప్పు నాదే. షాపుకొక పని చొప్పున నెలకు 28 పనులు పెట్టాను. ఒక షాపాయన బిల్లులు ఇవ్వడు, ఇంకొకాయన ఊళ్లో ఉండడు, నా చేతిలో లేని పనులన్నీ గడువు దాటి ఎర్రగా పైన పేరుకునేవి. పొద్దున్నే యాప్ తెరవాలంటే టెన్షన్. చివరికి తెరవడమే మానేశాను.

2021 నుంచి మైక్రోసాఫ్ట్ టు డూనే. ఇందులో ‘మై డే’ అని ఒక పేజీ ఉంది. అర్ధరాత్రి దాటగానే ఖాళీ అయిపోతుంది. మిగిలిన పనులు ఎక్కడికీ పోవు, వాటి లిస్టుల్లో అవి ఉంటాయి, మనమే మళ్లీ ఏరుకోవాలి. మొదటి నెల చిరాకేసింది. నిన్నటిది ఇవాళ దానంతటదే రావాలి కదా అనిపించింది. ఇప్పుడు కాఫీ తాగుతూ ఐదో ఆరో ఏరుకుంటాను, అంతకు మించి పెట్టను. ఏరుకోనిది కంటికి ఆనదు కాబట్టి గడువు తేదీని మాత్రం 20కి బదులు 18 అని వేస్తాను. షాపులన్నిటికీ కలిపి 3బి ఇప్పుడు ఒకటే పని, లోపల షాపుకొకటి చొప్పున 14 మెట్లు. నెల మారితే టిక్కులు లేని ఖాళీ గుండ్రాలతో అదే మళ్లీ వస్తుంది. ఇవన్నీ ఉచితమే.

ఒకసారి దెబ్బ తిన్నాను. కొత్త ఫోన్ కొన్న నెలలో రిమైండర్ మోగనే లేదు. బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే యాప్‌ని నిద్రపుచ్చింది. ఒక షాపు 3బి రెండు రోజులు ఆలస్యం, రోజుకు 50 చొప్పున వంద రూపాయలు నా జేబులోంచే. డబ్బు పోతే పోయింది, “ఏమండీ, మీరు కూడా మర్చిపోతారా?” అని ఆయన నవ్వడమే గుచ్చుకుంది. ఏ యాప్ వేసినా సరే, ఫోన్ సెట్టింగ్స్‌లో దాని బ్యాటరీ ఆంక్ష తీసేసి, ఐదు నిమిషాల్లో మోగేలా ఒక ఉత్తుత్తి రిమైండర్ పెట్టి చూడండి. ఏ యాప్ అన్నది ఆ తర్వాతి మాట.

మీ పనంతా జీమెయిల్‌లోనే అయితే గూగుల్ టాస్క్స్ సరిపోతుంది. మెయిల్‌నే పనిగా మార్చుకోవచ్చు, తేదీ వేస్తే గూగుల్ క్యాలెండర్‌లోనూ కనిపిస్తుంది. నాకు బిల్లులు వాట్సాప్‌లో ఫోటోలుగా వస్తాయి, కొన్ని కవర్లో పెట్టి పంపుతారు, అందుకని కుదరలేదు.

టు డూలో లిస్టుని ఇంకొకరితో పంచుకోవచ్చు, వాళ్లకూ మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలంతే. మా ఆవిడకి ఖాతా తెరిచి ‘సరుకులు’ అని లిస్టు కూడా చేసి పెట్టాను. రెండు వారాలు అందులో రాసింది. ఇప్పుడు మళ్లీ నేను బండి తీస్తుండగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది: “కొత్తిమీర మర్చిపోకండి.” పాల లెక్క అయితే క్యాలెండర్ దిగనే లేదు.