పదేళ్లు వాడిన ఉన్ని సూటు: ఏది నిలిచింది, ఏది చివికింది

నా ముదురు నీలం ఉన్ని సూటు వయసు పదేళ్లు దాటింది. కొలతలిచ్చి కుట్టించుకున్నది. వారంలో ఒకసారైనా వేసుకుంటాను. కోటు మొదటిరోజు కంటే ఇప్పుడే ఒంటికి బాగా పట్టి ఉంది. ప్యాంటు సంగతి వేరు. మొదటి ప్యాంటు ఎప్పుడో చివికిపోయింది, ఇప్పుడు వేసుకుంటున్నది దానికి జతగా కుట్టించిన రెండోది. ఇన్నేళ్లలో సూటు కోసం కొన్న హ్యాంగర్లు, బ్రష్షులు, స్టీమర్, దేవదారు చెక్కలు కూడా బాగానే పోగయ్యాయి. వాటిలో కొన్ని కొన్నందుకు న్యాయం చేశాయి, కొన్ని ఊరికే చోటు ఆక్రమించాయి.

ముందు బట్ట గురించి. నాది సూపర్ 110. ఈ అంకె ఉన్ని నార ఎంత సన్నగా ఉందో చెబుతుంది. సూపర్ 100 అని రాయాలంటే నార సగటు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు. అక్కడి నుంచి అంకె పది పెరిగినప్పుడల్లా మందం అర మైక్రాన్ తగ్గుతుంది, 150 దగ్గరికి వచ్చేసరికి 16.25 అవుతుంది. అంకె పెరిగేకొద్దీ బట్ట మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అంత త్వరగానూ నలుగుతుంది, చివుకుతుంది. షాపులో 150 బట్ట చేతికి తగిలితే మనసు అటే లాగుతుంది, కాదనను. కానీ తరచూ వేసుకునే సూటుకి 100 నుంచి 120 లోపే నయం.

లోపలి కుట్టుపని ఇంకా ముఖ్యం. కోటు ముందు భాగంలో పై బట్టకీ లైనింగ్‌కీ మధ్య గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ పెట్టి, దాన్ని సన్నని కుట్లతో బట్టకి పట్టిస్తారు. చవక రకాల్లో దాని బదులు జిగురున్న గుడ్డను వేడితో అతికిస్తారు. దాన్నే ఫ్యూజ్డ్ అంటారు. అలాంటి బూడిద రంగు సూటు కూడా నాకొకటి ఉండేది. కొన్నేళ్లు డ్రై క్లీనింగ్‌కి వెళ్లొచ్చాక ఛాతీ దగ్గర బట్ట బుడగలు బుడగలుగా లేచింది. జిగురు ఊడితే మళ్లీ మునుపటిలా చేయడం దాదాపు కుదరదు. కాన్వాస్ కోటుకి ఆ బాధ లేదు. కొనేముందు చివరి గుండీ కింద ముందు అంచును వేళ్లతో పట్టుకుని బయటి బట్టని, లోపలి బట్టని విడదీసి చూడండి. మధ్యలో విడిగా కదిలే పల్చని పొర తగిలితే పూర్తి కాన్వాస్ ఉన్నట్టు. సగం కాన్వాస్ కోటులో అది ఛాతీ వరకే ఉంటుంది, కింద తగలదు.

ఇక కొన్న సామాన్లలో నా ఓటు బ్రష్‌కే. చూడ్డానికి శుభ్రంగానే ఉన్న కోటులో కూడా రోజంతా దుమ్ము చేరుతుంది. నేతలో ఇరుక్కున్న ఆ సన్నని రేణువులు మనం కదిలినప్పుడల్లా నారల్ని కోస్తూనే ఉంటాయి. దానికితోడు చెమట, నూనె తగిలితే దుమ్ము అక్కడే బిగుసుకుపోతుంది. అందుకే ఇంటికి రాగానే, సూటు విప్పిన వెంటనే బ్రష్ చేస్తాను. వేసుకునే ముందు చేస్తే పైకి బాగా కనిపిస్తుంది గానీ దుమ్ము అప్పటికే కుదురుకుని ఉంటుంది.

జేబులు ఖాళీ చేసి, కోటును హ్యాంగర్‌కి వేసి, పైనుంచి కిందకి చిన్న చిన్న విసుర్లతో బ్రష్ ఆడించాలి. రుద్దడం అక్కర్లేదు. దుమ్ము ఎక్కువగా దాక్కునేది కాలర్ అడుగున, లాపెల్ (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే భాగం) వెనక, జేబు మూతల కింద, ప్యాంటు అంచు మడతల్లో. మామూలు సూటు బట్టకి గుర్రపు వెంట్రుకల బ్రష్ సరిపోతుంది. పంది వెంట్రుకల గట్టి బ్రష్ నాకు దళసరి ఓవర్‌కోటుకే పనికొచ్చింది. బ్రష్‌ని కూడా అప్పుడప్పుడు దువ్వెనతో శుభ్రం చేయాలి. లేకపోతే నిన్నటి దుమ్మే ఇవాళ మళ్లీ కోటుకి పూస్తున్నట్టు. జిగురు రోలర్ పైన అంటుకున్న వెంట్రుకల్ని, పీచుని లాగేస్తుంది, నేతలోపలి దుమ్ముని తాకదు. బయలుదేరే టెన్షన్‌లో ఉన్నప్పుడు తప్ప దాన్ని తీయను.

హ్యాంగర్ విషయంలో భుజం కొస వెడల్పు చూడండి. నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటే కోటు బరువు సమంగా పడుతుంది. కొస సరిగ్గా చేయి కుట్టు దగ్గర ఆగాలి. దాటితే చేయి పైభాగంలో బొడిపె లేస్తుంది. క్లీనింగ్ దుకాణం ఇచ్చే తీగ హ్యాంగర్ మీద సూటును ఒక్క రాత్రి కూడా ఉంచను.

హ్యాంగర్ ఇంత ముఖ్యం కావడానికి కారణం ఉన్ని స్వభావమే. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. తేమ ఉన్నంతసేపూ నార సాగే స్థితిలో ఉంటుంది, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికి కుదురుకుంటుంది. కుర్చీ వీపుకి తగిలించి వదిలేసిన కోటు ఉదయానికి కుర్చీలాగే తయారవుతుంది. సరైన హ్యాంగర్ మీద గాలి తగిలేలా వేస్తే మోచేతి ముడతలు చాలావరకు వాటంతటవే పోతాయి. ఒకసారి వేసుకున్న సూటుకి కనీసం 24 గంటల విరామం ఇస్తాను. వానలో తడిసినా ఇదే వైద్యం. హీటర్ దగ్గరో, ఎండలోనో ఆరబెట్టకూడదు. ప్యాంటుని మాత్రం తలకిందులుగా, కాళ్ల అంచులు పట్టే క్లిప్పు హ్యాంగర్‌కి వేలాడదీస్తాను. నడుము వైపు బరువుకి మోకాలి వెనక ముడతలు సాగిపోతాయి.

సూటుకి అసలు శత్రువు ఇస్త్రీ పెట్టె. వేడి పలక నేరుగా ఉన్నికి తగిలితే నారలు అణిగి చదునవుతాయి, వెలుతురు వాటి మీద పడి అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. ముదురు రంగు సూట్లలో పిరుదుల దగ్గర, మోచేతుల దగ్గర కనిపించే ఆ మెరుపు కొంత రాపిడి వల్ల, కొంత ఇస్త్రీ వల్ల వచ్చేదే. ఒకసారి వచ్చాక పూర్తిగా పోదు. తప్పనిసరిగా ఇస్త్రీ చేయాల్సి వస్తే పైన తడిపి పిండిన పల్చని నూలు గుడ్డ వేసి, లేబుల్ మీద రెండు చుక్కల గుర్తుకి సరిపోయే వేడిలో, అంటే 150 డిగ్రీల సెల్సియస్‌కి మించకుండా, నొక్కి ఎత్తాలి. చొక్కాని రుద్దినట్టు అటూ ఇటూ జరపకూడదు.

ఈ గొడవ తప్పుతుందని స్టీమర్ కొన్నాను. ప్రయాణంలో నలిగిన వీపు, మోచేయి మడతలకి బాగుంది. బట్టకి పట్టిన వాసన కూడా కొంత తగ్గుతుంది. కానీ ప్యాంటు ముందు గీత దానితో నిలబడదు, ఎక్కువసేపు పడితే ఉన్న గీత కూడా కరిగిపోతుంది. కుట్ల వెంట బట్ట ఉబ్బినట్టు అవుతుంది. అవసరమే గానీ ప్రకటనల్లో చెప్పినంత గొప్పది కాదు.

డ్రై క్లీనింగ్‌కి ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి పంపను. అక్కడ ద్రావకం కంటే డ్రమ్ములో దొర్లించడం, వేడి గాలితో ఆరబెట్టడం, చివర్లో ఆవిరి ప్రెస్సుతో అదమడం బట్టని ఎక్కువగా అలసిపోయేలా చేస్తాయి. ఒకసారి కోటు తిరిగొచ్చేసరికి లాపెల్ కాగితం మడిచినట్టు పడుకుని ఉంది. మంచి కోటులో లాపెల్ గుండీ దగ్గర నుంచి మెల్లగా గుండ్రంగా తిరగాలి, కాన్వాస్ కుట్టేదే అందుకోసం. కొంచెం ఆవిరి పట్టి వేళ్లతో మళ్లీ తిప్పుకున్నాను, వచ్చింది. ఇప్పుడు లాపెల్‌ని ప్రెస్ చేయొద్దని చీటీ మీద రాయించి మరీ ఇస్తాను. కోటు మురికి కాకపోయినా ప్యాంటుతో పాటే పంపుతాను, లేకపోతే కొన్నాళ్లకి రెండింటి రంగూ కలవదు. చెమట ఉప్పు లాంటివి నీళ్లలో కరుగుతాయి గానీ ఆ ద్రావకంలో సరిగా కరగవు. మరక ఎక్కడుందో, దేనివల్లో ముందే చెప్పడం మంచిది. చిన్న మరకైతే చల్లటి నీళ్లలో ముంచి పిండిన తెల్లగుడ్డతో అద్దితే ఇంట్లోనే పోతుంది. తిరిగొచ్చిన సూటుకి ప్లాస్టిక్ తొడుగు వెంటనే తీసేయాలి, తేమ లోపలే నిలిచి ముక్కవాసన వస్తుంది. నూలు సంచీ తొడుగు అయితే గాలి ఆడుతుంది.

చిమ్మటల దగ్గర నేను చాలా ప్రయోగాలు చేశాను. బట్టను తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల. అదీ శుభ్రమైన ఉన్ని కంటే చెమట, మరకలు ఉన్న చోటునే ముందు పట్టుకుంటుంది. కలరా ఉండలు పనిచేస్తాయి, కానీ ఆ వాసన నెలల తరబడి వదలదు, పైగా పీల్చడం మంచిది కాదు. దేవదారు చెక్కల మీద నాకు పెద్ద నమ్మకం మిగల్లేదు. సువాసన ఉన్నన్నాళ్లే వాటి మహిమ, అప్పటికే పెరిగిన పురుగుని అవి ఏమీ చేయలేవు. సూటు మురికిగా బీరువాలోకి వెళ్లకపోవడమే ఎక్కువ కాపాడింది. అనుమానం వస్తే గాలి చొరని సంచీలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో మూడు రోజులు పైనే ఉంచి, బయటికి తీశాక సంచీ మామూలు వేడికి వచ్చేదాకా విప్పకుండా ఉంచుతాను. ఇదంతా తెలియక ముందు జేబు మూత కింద ఒక చిల్లు పడింది. రఫ్ఫు చేసేవాళ్లు కోటు లోపలి మడత నుంచి పోగులు తీసి పడుగు పేకల్లోకి అల్లారు. ఇప్పుడు ఎక్కడో నాకే కనిపించదు.

ప్యాంటు మాత్రం ఎంత చూసుకున్నా కోటు కంటే ముందే పోతుంది. తొడల లోపలి వైపు రాపిడికి బట్ట పల్చబడి, ఒకరోజు కూర్చోగానే చిరుగుతుంది. కుట్టించేటప్పుడే రెండు ప్యాంట్లు చెప్పడం నేను చేసిన మంచి పని. తర్వాత ఎప్పుడో అదే రంగు బట్ట దొరుకుతుందని అనుకోకండి, రంగు విడత మారితే తేడా తెలిసిపోతుంది. రెండోదానికి ఆ చోట లోపల పల్చని గుడ్డ వేయించాను, ఇంతవరకు గట్టిగానే ఉంది. కోటు బయటి జేబులకి షాపు వాళ్లు వేసిన కచ్చా కుట్లు నేను విప్పలేదు. తెరిస్తే ఫోనో, తాళాలో పెట్టకుండా ఉండలేం, జేబులు సాగిపోతాయి. వెనక చీలిక మీద వేసే కత్తెర గుర్తు కుట్టు మాత్రం వేసుకునే ముందే తీసేయాలి.

ప్రస్తుతం కోటుకున్న లోపం చంక దగ్గర లైనింగ్ చిరుగు. రెండుసార్లు కుట్టించాను, పక్కనే మళ్లీ విడిపోయింది. ఇక అతుకులు నిలవవు, లైనింగ్ మొత్తం మార్చాలని టైలర్ తేల్చేశారు. పై బట్ట, కాన్వాస్ దృఢంగానే ఉన్నాయి కాబట్టి ఒప్పుకున్నాను. ఈసారి పాలియెస్టర్ వద్దు, పత్తి పీచు నుంచి తయారయ్యే కుప్రో బట్ట వేయమని చెప్పాను. చెమట పీల్చుకుంటుంది, లోపల ఉక్క తక్కువగా ఉంటుంది.