చిల్లర మంత్రాలతో నాలుగేళ్ళు

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథను నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఐదవ కూర్పులో ఒకే విజర్డ్ (మంత్రగాడు) పాత్రను నాలుగేళ్ళపాటు, దాదాపు ప్రతి శనివారం రాత్రీ ఆడాను. మొదటి స్థాయిలో దక్కే మూడు చిన్న మంత్రాలలో, అంటే కాంట్రిప్‌లలో ఒక్కటైనా శత్రువుకు దెబ్బ తగిలేది ఉండాలని మిత్రులు ఎంత చెప్పినా వినకుండా ప్రెస్టిడిజిటేషన్, మేజ్ హ్యాండ్, మైనర్ ఇల్యూజన్ తీసుకున్నాను. మా జట్టు వీటిని ‘చిల్లర మంత్రాలు’ అనేది. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా సరిగ్గా అతికింది. పెద్ద నోటు మార్చడానికి మనసొప్పని చోట చిల్లరే ఆదుకుంటుంది. పైగా 2000లో వచ్చిన మూడవ కూర్పులో రోజుకు ఇన్ని అని లెక్క ఉన్న ఈ చిన్న మంత్రాలను ఐదవ కూర్పులో ఎన్నిసార్లయినా ప్రయోగించవచ్చు.

ప్రెస్టిడిజిటేషన్‌ను అందరూ పొగుడుతారు, మొదటి ఏడాది నేనూ పొగిడాను. ఒక ఘనపుటడుగుకు మించని వస్తువును శుభ్రం చేయడం, ప్రాణం లేని పదార్థాన్ని వెచ్చబరచడం లేదా దానికి రుచి కల్పించడం, గంటసేపు నిలిచే గుర్తు వేయడం, దివిటీ వెలిగించడం, ఆర్పడం, అన్నీ ఈ ఒక్కదానిలోనే ఉన్నాయి. నెత్తురు మరకలున్న అంగీని మడతపెడితే ఘనపుటడుగులో ఇమిడిపోతుందన్న నా వాదనను ఆట నడిపించే డంజన్ మాస్టర్ ఒప్పుకోవడంతో, నగర ద్వారం దగ్గర కావలివాళ్ళ కళ్ళు రెండుసార్లు గప్పగలిగాం. చెరసాలలో పోసిన చప్పిడి గంజికి గోంగూర పచ్చడి రుచి తెప్పించి తోటి ఖైదీలను మచ్చిక చేసుకున్నాను. ఎల్ఫ్ జాతివాడైన నా విజర్డ్ గోంగూర ఎక్కడ తిన్నాడని డంజన్ మాస్టర్ అడిగితే మాత్రం జవాబు చెప్పలేకపోయాను. అయితే చిక్కుదారుల గుహలో మలుపు మలుపునా గుర్తు వేస్తూ పోయినప్పుడు, గంటసేపు నిలిచే ఇలాంటి ప్రభావాలు ఒకేసారి మూడింటికి మించి ఉండవన్న నియమం నాలుగో మలుపు దగ్గర గాని గుర్తు రాలేదు. ఆ పనికి సుద్దముక్క మేలు.

మేజ్ హ్యాండ్ నాకు నేర్పిన పాఠం ఇంకా ఖరీదైనది. నిమిషంపాటు నిలిచే ఆ మాయచేయి 30 అడుగుల దూరం దాకా వెళ్ళగలదు, 10 పౌండ్ల బరువు మోయగలదు, కాని దాడి చేయలేదు. గడియ తీయడానికి, అనుమానం ఉన్న పెట్టె మూత దూరం నుంచే ఎత్తడానికి దీనికి సాటి లేదు. నిద్రపోతున్న కాపలావాడి మొల నుంచి తాళంచెవులు లాగాలని ప్రయోగించినప్పుడు కాని, మంత్రాన్ని నోటితో పైకి పలకాలన్న సంగతి తలకెక్కలేదు. కాపలావాడు లేచాడు. ప్రతి మంత్రం కిందా ఉచ్చారణ కావాలా, చేతి సైగ కావాలా, ఏదైనా వస్తువు కావాలా అని చెప్పే చిన్న పంక్తి ఒకటి ఉంటుంది. మంత్రం ఏం చేస్తుందన్న వర్ణన కన్నా ముందు ఆ పంక్తిని చదవడం ఆ రాత్రి నుంచే అలవాటైంది.

అలా చదివిన తరువాతే మైనర్ ఇల్యూజన్ విలువ తెలిసింది. దానికి చేతి సైగ, కాస్త ఉన్ని చాలు, నోరు మెదపనక్కరలేదు. 5 అడుగుల ఘనంలో ఇమిడే కదలని బొమ్మ గాని, ఒక శబ్దం గాని, నిమిషంపాటు పుట్టించవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. మూలమలుపు అవతల కుక్క మొరిగినట్టు వినిపించి కాపలావాళ్ళను పక్కకు మళ్ళించడం, గోతి మీద నేల ఉన్నట్టు చూపించడం నాకు బాగా కలిసొచ్చాయి. గోతి ఎత్తు రెండుసార్లు పారింది. మూడోసారి గాబ్లిన్లు రాయి విసిరి చూశాయి, రాయి నేలలోంచి దూరిపోయింది, మా గుట్టు బయటపడింది. లేని పెట్టె వెనుక దాక్కోవడం వంటి ఎత్తులు ఎంతసేపు నిలుస్తాయన్నది మాత్రం పూర్తిగా డంజన్ మాస్టర్ ఔదార్యం మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని ఎంచుకునేవారు ఆ విషయం ముందే మాట్లాడుకోవడం మంచిది.

నాలుగో స్థాయిలో వచ్చిన అదనపు కాంట్రిప్‌గా మెండింగ్ తీసుకున్నప్పుడు నేనే నవ్వుకున్నాను. అడుగుకు మించని పగులును, చిరుగును ఆనవాలు లేకుండా అతికించడమే దాని పని, అందుకు నిమిషం పడుతుంది, కాబట్టి పోరులో అది దండగ. కాని లక్కముద్ర ఉన్న లేఖను విప్పి చదివి, ముద్రను మళ్ళీ చెక్కుచెదరకుండా అతికించి వార్తాహరుడి సంచిలో పెట్టేయడం మొదలుపెట్టాక, మా ఆటలో సగం రాజకీయం మా చేతికి వచ్చింది. దూతలు విడిది చేసిన సత్రంలో తలుపు వేసుకుని ప్రయోగిస్తే ఉచ్చారణ వినేవారూ ఉండరు. ఇన్నేళ్ళలో ఏ పిడుగు మంత్రమూ మాకు ఇంత లాభం తెచ్చిపెట్టలేదు.

ఇటీవల మేము ఈ ఆటకు 2024లో వచ్చిన కొత్త నియమాలకు మారాం. సుదీర్ఘ విశ్రాంతి తీసుకున్న ప్రతిసారీ విజర్డ్ తన కాంట్రిప్‌లలో ఒకదాన్ని మార్చుకునే వీలు ఇప్పుడు ఉంది. కొత్తగా ఆడేవారికి ఇది మేలే. నేను మాత్రం మేజ్ హ్యాండ్‌ను రెండుమూడు సార్లు మార్చి చూశాను, మెండింగ్‌ను ఇంకా ముట్టుకోలేదు.