మూడేళ్ల శొంఠి: ఘాటు మిగిలింది, వాసన పోయింది

శొంఠి లేని కషాయం లేదంటారు. మా ఇంట్లో అది అక్షరాలా నిజం. అందుకే మూడేళ్ల కింద వరంగల్‌లో ఒకేసారి కిలో కొన్నాను. సగం మిక్సీ పట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. సగం కొమ్ములుగానే స్టీలు డబ్బాలో వేసి సజ్జ మీద పెట్టాను. హనుమకొండలో మాది రేకుల ఇల్లు, ఎండాకాలం ఆ డబ్బా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

పొడి చేసి పెట్టుకుంటే ఎంత సుఖమో అని మొదట్లో అందరికీ చెప్పాను. ఏడాది తిరిగేసరికి అందులో వాసన లేదు. రెండో వానాకాలానికి గడ్డకట్టి పురుగు పట్టింది. పారబోశాను.

కొమ్ముల సంగతి మర్చేపోయాను. మొన్న శ్రావణంలో ముసురు పట్టిన రాత్రి బాపుకు గొంతు పూడుకుపోయింది. ఆ డబ్బా దించి ఒక కొమ్ము రోట్లో వేసి దంచాను. పైన సున్నపు తెలుపు అలాగే ఉంది, విరిచిన చోట పీచు దారాల్లా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు. ఇది కూడా పోయిందే అనుకుని, ఎప్పుడూ వేసే చెంచాడు వేసి మరిగించాను. బాపు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. "గొంతుల నిప్పు పోసినట్టున్నది బిడ్డా, గింత కారమేంది?" అన్నారు. నేనూ తాగి చూశాను. నాలుక మీద కాదు, గొంతు లోపల చాలాసేపు మండింది.

ఎందుకో తెలిశాక శొంఠి మీద ప్రేమ పెరిగింది. పచ్చి అల్లానికి కారం ఇచ్చేది జింజెరాల్. ఎండేటప్పుడు, వేడిలో నిల్వ ఉన్నప్పుడు అందులోంచి ఒక నీటి అణువు పోయి అది షోగాల్ అవుతుంది. జపాన్ వాళ్లు అల్లాన్ని షోగా అంటారు, ఆ పేరు అక్కడిదే. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో జింజెరాల్ సుమారు 60,000 అయితే, షోగాల్ 1,60,000. వాసన సంగతి వేరు. అది జింజిబెరీన్ లాంటి తేలిక నూనెలది, అవి గాలికి పోతాయి. దంచిన పొడిలోంచి ఇంకా తొందరగా పోతాయి. నా డబ్బాలు రెండింటి కథా ఇదే.

అయితే పాతదే మంచిదని వదినకు ఫోన్ చేసి చెప్పిన మాట కొంచెం సవరించుకోవాలి. చాయ్‌లోకి ఇది పనికిరాదు, పచ్చి అల్లం పరిమళం ఇందులో రాదు. నాది ఒక్క దుకాణం సరుకు, ఒక్క రేకుల ఇల్లు. చల్లటి స్లాబు ఇంట్లో ఇంత ఘాటు రాకపోవచ్చు. కడుపులో మంట ఉన్న మా అక్కకు నేనైతే ఇవ్వను. బాపుకు మాత్రం ఇప్పుడు అర చెంచాతోనే సరిపోతోంది. పావుకిలో మిగిలింది, దంచకుండా అలాగే ఉంచాను.