గవర్నర్‌పేటలో పాత నెగటివ్‌ల స్కానింగ్: మిల్లు ఇంజన్ల నంబరు పలకలు చదవడానికి వచ్చాయా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో, ఫిల్మ్ నెగటివ్‌లను స్కాన్ చేసి కంప్యూటర్ ఫైళ్లుగా ఇచ్చే చిన్న స్టూడియో ఒకటి నడుస్తోంది. అక్కడికి ఎక్కువగా వచ్చేవి పెళ్లి ఫొటోలు, షష్టిపూర్తి ఫొటోలు, పెద్దవి చేయించి గోడకు తగిలించుకునే తాతముత్తాతల బొమ్మలు. నేను పట్టుకెళ్లినవి మాత్రం చక్కెర మిల్లుల్లో పట్టాల మీద చెరకు బళ్లను లాగిన ఆవిరి ఇంజన్లవి. తన పేరూ, దుకాణం పేరూ రాయవద్దని యజమాని కోరారు కాబట్టి రాయడం లేదు. అటువంటి ఇంజన్ల ఆచూకీ వెతికేవారికి ఇక్కడి పని ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే నేను చూసిన విషయం.

నెగటివ్‌లు మా మేనమామవి. ఆయన చక్కెర మిల్లుల్లో యంత్రాలు బిగించే ఫిట్టరు. చెరకు ఆడే క్రషింగ్ సీజన్ ముగిశాక ఓవర్‌హాలింగ్ పనుల మీద ఉత్తరప్రదేశ్, బీహారు మిల్లులకు వెళ్లి నెలల తరబడి ఉండిపోయేవారు. ఆ రోజుల్లో మిల్లు ఇంజన్లు చల్లారి షెడ్డులో నిలబడి ఉంటాయి కనుక వాటి దగ్గరకు వెళ్లి తీరిగ్గా ఫొటోలు తీసే వీలు ఉండేది. మొదట ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతోనూ, తర్వాత ఒక 35 మిల్లీమీటర్ల కెమెరాతోనూ ఆయన తీసిన రీళ్లు అట్టపెట్టెలో అలాగే ఉండిపోయాయి.

రైల్వే ఇంజన్‌కు తరగతి ఉంటుంది, నంబరు ఉంటుంది, షెడ్డు రిజిస్టరు ఉంటుంది. చిత్తరంజన్ కర్మాగారంలో 1970లో బయటికి వచ్చిన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్‌కు ‘అంతిమ్ సితారా’ అని పేరుపెట్టి మరీ గుర్తు పెట్టుకున్నారు. మిల్లు ఇంజన్‌కు ఆ భాగ్యం లేదు. మిల్లు చేతులు మారినా, మూతబడినా ముందుగా పోయేవి కాగితాలే. ఆ తర్వాత ఇంజన్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి మిగిలేది ట్యాంకుకో, క్యాబు పక్కనో బిగించిన ఒక ఇత్తడి పలక మాత్రమే. దాని మీద తయారీ సంస్థ పేరు, ఊరు, వరుస నంబరు, చాలాసార్లు సంవత్సరం కూడా ఉంటాయి. ఒక్కోసారి ఊరి పేరే కాలాన్ని పట్టిస్తుంది. ఇంజన్లు తయారుచేసే బ్రిటిష్ సంస్థ షార్ప్ స్టువర్ట్ 1888లో మాంచెస్టర్ నుంచి గ్లాస్గోకు తరలిపోయింది కాబట్టి పలక మీద మాంచెస్టర్ అని ఉంటే ఇంజన్ అంతకు ముందుదని తేల్చవచ్చు. నంబరు తెలిస్తే ఆ సంస్థ తయారీ జాబితాల్లో గేజి, మొదటి కొనుగోలుదారు, పంపిన సంవత్సరం వెతుక్కోవచ్చు. సంస్థ మూతపడినా దారి పూర్తిగా మూసుకుపోదు. ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఇంజన్లు చేసిన కెర్ స్టువర్ట్ 1930లో మూతపడినప్పుడు దాని డ్రాయింగులు లీడ్స్‌లోని హన్స్‌లెట్ సంస్థకు చేరాయి.

అందుకే నాకు ఫొటో అందంతో పని లేదు. ఆ పలక చదవడానికి వస్తుందా రాదా అన్నదే పరీక్ష. లెక్క వేసి చూస్తే ఆ పరీక్ష ఎంత కష్టమో తెలుస్తుంది. ఆరు మీటర్ల పొడవున్న ఇంజన్ 36 మిల్లీమీటర్ల ఫ్రేము నిండా పడిందనుకుంటే, 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక నెగటివ్ మీద రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మామూలుగా చేసే 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) స్కానులో ఆ పలక వెడల్పుకు దక్కేవి దాదాపు 170 పిక్సెళ్లు. 4000 డీపీఐకి వెళితే 280 దాకా వస్తాయి. నాలుగంకెల నంబరులో మూడుకూ ఎనిమిదికీ తేడా తెలిసేదీ తెలియనిదీ ఆ మధ్యలోనే.

పని పద్ధతి విషయంలో ఈ స్టూడియోకు మంచి మార్కులు వేయాలి. పెట్టె తెరవగానే యజమాని చేసిన మొదటి పని ఒక్కొక్క స్ట్రిప్పునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం. పాత అసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ చెడిపోవడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుంది. మన కృష్ణాతీరపు వేసవిలో అటక మీద పెట్టిన ఫిల్మ్‌కు ఆ జబ్బు త్వరగా పట్టుకుంటుంది. వాసన వచ్చిన వాటినీ, చుట్టచుట్టుకుపోయిన వాటినీ వేరే కవర్లలో పెట్టి, మిగిలిన వాటికి దూరంగా ఉంచమని చెప్పారు. చేతులకు నూలు గ్లవ్స్ వేసుకున్నారు, దుమ్మును నోటితో ఊదలేదు, రబ్బరు బుడ్డితో గాలి కొట్టారు. 35 మిల్లీమీటర్ల స్ట్రిప్పులకు ప్రత్యేక ఫిల్మ్ స్కానరూ, క్లిక్ త్రీతో తీసిన చదరపు నెగటివ్‌లకు ఫ్లాట్‌బెడ్ స్కానరూ వాడతారు.

తొలి విడత ఫైళ్లు మాత్రం నిరాశపరిచాయి. చూడటానికి శుభ్రంగా ఉన్నాయి, ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. కానీ బాయిలర్ మీది రివెట్లు సగం చోట్ల చెరిగిపోయి, పలక అంచులు మైనం కరిగినట్టు జారిపోయి ఉన్నాయి. కారణం స్కానరులోని ఆటోమేటిక్ దుమ్ము తొలగింపు. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్మును గుర్తిస్తుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగుల గుండా ఆ కాంతి దూసుకుపోతుంది కాబట్టి అక్కడ అది చక్కగా పనిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది, అవి ఆ కాంతిని అడ్డుకుంటాయి, యంత్రం వాటిని కూడా దుమ్ము కిందే జమకడుతుంది. ఈ సంగతి తెలిసిన దుకాణంలో బ్లాక్ అండ్ వైట్‌కు ఆ మీట వేసి ఉంచడం క్షమించదగిన పొరపాటు కాదు. పెళ్లి ఫొటోకు నునుపు వస్తే ఇంటివారు సంతోషిస్తారు, ఇంజన్ ఫొటోకు నునుపు వస్తే సాక్ష్యమే పోతుంది. చెప్పగానే వాదన లేకుండా, అదనపు రుసుము అడగకుండా మళ్లీ స్కాన్ చేసి ఇచ్చారు.

రెండో విడతలో గీతలు, వేలిముద్రలు, బూజు మచ్చలు అన్నీ ఉన్నాయి, వాటితో పాటు అక్షరాలూ ఉన్నాయి. ఒక బీహారు మిల్లులోని చిన్న ట్యాంక్ ఇంజన్ పక్కన కోడిగుడ్డు ఆకారపు పలక మీద కెర్ స్టువర్ట్ పేరు పైవంపులో, ఊరి పేరు కిందివంపులో స్పష్టంగా కనిపించాయి. మధ్యలో నంబరు మీద పాత రంగు పేరుకుని మూడో అంకె పూడిపోయింది. యజమాని తనంతట తానే, “మాస్టారూ, ఈ పలక ఒక్కటీ ఎక్స్‌పోజర్ మార్చి ఇంకోసారి తీయమంటారా?” అని అడిగి, నీడల్లోని వివరాలు బయటపడేలా మళ్లీ స్కాన్ చేశారు. అది మూడు కాదు, ఎనిమిది. నా లెక్కలో ఈ దుకాణం అసలు విలువ అక్కడ తెలిసింది.

అయితే పలక దొరికితే ఇంజన్ దొరికినట్టేనని అనుకోకూడదు. మిల్లువాళ్లకు ఇంజన్ నడవడం ముఖ్యం కాబట్టి ఒకదాని బాయిలర్ ఇంకొకదానికి, ఒకదాని చక్రాలు మరొకదానికి మార్చుకుంటూ పోయారు. పలకలు కూడా చోటు మారాయి. చక్రాలను తిప్పే కనెక్టింగ్ రాడ్ల వంటి భాగాల మీద అచ్చుగుద్దిన నంబర్లతో పలకను సరిచూసుకోవాలి. 4000 డీపీఐ ఫైళ్లలో రాడ్ల మీద అంకెలు ఉన్నాయని తెలుస్తోంది గానీ చదవడానికి రావు. అది స్టూడియో లోపం కాదు, దూరం నుంచి తీసిన ఫొటోకు ఉండే హద్దు.

క్రషింగ్ ఏడాదిలో కొన్ని నెలలే కావడం, పొయ్యిలోకి చెరకు పిప్పి ఊరికే దొరకడం వల్ల మిల్లుల్లో ఈ ఇంజన్లు రైల్వేలో కంటే చాలాకాలం బతికాయి. గోరఖ్‌పూర్ దగ్గర సర్దార్‌నగర్‌లోని సరయా చక్కెర మిల్లులో ట్వీడ్, మెర్సీ అనే మీటర్‌గేజ్ ఇంజన్లు 1873లో తయారైనవి. నూరేళ్లు దాటినా వాటిచేత పని చేయించుకున్నారు. జావాలోని ట్రాంకిల్ చక్కెర మిల్లు కోసం హన్స్‌లెట్ 1971లో చేసిన ఇంజన్ 2004లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లి ఇప్పుడు స్టాఫర్డ్‌షైర్‌లోని స్టాట్‌ఫోల్డ్‌లో ఉంది. మన దగ్గర ఒంటిపట్టా మీద నడిచిన పటియాలా మోనోరైలు ఇంజన్లు 1927లో పని ఆగిపోయాక పాత షెడ్డులో పడి ఉంటే, 1962లో రైల్వే చరిత్ర అభిమాని మైఖేల్ సాటో వాటిని వెతికి పట్టుకున్నారు. అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేసిన ఒకటి ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఎవరో ఒకరు వెళ్లి చూడకపోతే అది తుక్కు కిందే పోయేది. చూడటానికి ఎక్కడికి వెళ్లాలో చెప్పేవి ఇటువంటి నెగటివ్‌లు.

ఇక ఫిర్యాదులు. ఫ్రేము అంచులను కత్తిరించి ఇస్తున్నారు. ఆ అంచుల మీదే ఫిల్మ్ కంపెనీ పేరు, ఫ్రేము నంబరు ఉంటాయి. వాటిని చూస్తే ఏ ఫొటో తర్వాత ఏది తీశారో తెలుస్తుంది, స్ట్రిప్పును తిరగేసి పెట్టారేమో కూడా బయటపడుతుంది. అక్షరాలేవీ కనిపించని ఇంజన్ ఫొటో ఒకటి ఇలాగే కుడిఎడమలు తారుమారై వచ్చింది. అంచు ఉండి ఉంటే స్కాన్ చేసినవారికే తెలిసేది. ఫైళ్లకు వరుస నంబర్లు మాత్రమే వేస్తారు, కవరు మీద పెన్సిలుతో రాసి ఉన్న ఊరి పేరును పట్టించుకోరు. నెగటివ్‌లు ఏ కవరులోవి ఆ కవరులోకి తిరిగి రాలేదు కూడా. ఊరి పేరు పోయిన ఇంజన్ ఫొటో సగం పనికిరానిదే, కాబట్టి దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయలేను.

ధరల విషయానికి వస్తే 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు మామూలు జేపెగ్ ఫైలు రూ. 25, వివరాలు తగ్గకుండా దాచే 4000 డీపీఐ టిఫ్ ఫైలు రూ. 60, చదరపు నెగటివ్‌కు రూ. 90. రీళ్లన్నీ టిఫ్‌లో చేయించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ముందు అన్నీ జేపెగ్‌లో తీయించుకుని, పలకలూ, పేర్లూ కనిపించే ఫ్రేములను ఎంచి వాటికే టిఫ్ చేయించుకోవడం మేలు. గాజు నెగటివ్‌లు వీరు తీసుకోరు. ఇవ్వబోయేవారు కవర్ల మీది రాతలను ముందే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుని, దుమ్ము తొలగింపు వద్దనీ, అంచులు కత్తిరించవద్దనీ రసీదు మీద రాయించుకోవాలి. నోటిమాటగా చెబితే కౌంటరు దగ్గరి కుర్రాడు లోపలివారికి చేరవేయడం లేదు.