సీసీఆరా, బీసీసీయా? డిపోల స్కోరు వేసేముందు

బస్సు డిపోల సామర్థ్యాన్ని డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్‌తో (వాడినదానికి వచ్చినదాన్ని ఒకదానితో ఒకటి పోల్చి, మెరుగైన డిపోలకు 1, మిగతావాటికి అంతకన్నా తక్కువ స్కోరు ఇచ్చే పద్ధతి) కొలిచేవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే: అందులోని సీసీఆర్, బీసీసీ అనే రెండు మోడళ్లలో ఏది వాడాలి?

ఊహ: 1978 నాటి సీసీఆర్ ఇన్‌పుట్లు (బస్సులు, డీజిల్ లాంటివి) రెట్టింపైతే అవుట్‌పుట్లూ (తిరిగిన కిలోమీటర్లు, ఎక్కిన ప్రయాణికుల లాంటివి) రెట్టింపే అనుకుంటుంది. 1984 నాటి బీసీసీ అలా అనుకోదు.

రిస్క్: సీసీఆర్‌లో 20 బస్సుల చిన్న డిపో సైజు వల్ల వెనకబడినా తప్పు మేనేజర్‌దే అన్నట్టు కనిపిస్తుంది. బీసీసీలో తమాషా వేరు. అందరికంటే తక్కువ డీజిల్ వాడే డిపోకు సాటి దొరక్క 1 స్కోరు ఊరికే వచ్చేస్తుంది. తొందరపడి శాలువా కప్పేయకండి!

డేటా: 3 ఇన్‌పుట్లు, 2 అవుట్‌పుట్లకు కనీసం 15 డిపోలు కావాలన్నది వాడుక లెక్క. ఎనిమిదితో చేస్తే చాలావరకు అందరూ ఫస్టే, బీసీసీలో మరీను.

శ్రమ: సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్కు తేడా.

డిపో సైజు మార్చగలిగే పై అధికారికి సీసీఆర్. ఉన్న బస్సులతో నెట్టుకొచ్చే మేనేజర్‌ను అంచనా వేయాలంటే బీసీసీ. నేనైతే రెండూ నడిపి, మొదటి స్కోరును రెండోదానితో భాగిస్తాను. సైజు వల్ల ఎంత పోయిందో తేలుతుంది.